మారిబ్: షెబా రాణి కథ కింద మరుగునపడిన నీళ్ల చరిత్ర

యెమెన్ రాజధాని సనాకి తూర్పున సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, కొండలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట మారిబ్ ఉంది. క్రీస్తు పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఇది సబా రాజ్యానికి రాజధాని. బైబిల్లో షెబా, ఖురాన్‌లో సబా, రెండూ ఈ రాజ్యమే. ఊరి చుట్టూ ఉన్న శిథిలాల్లో ఒకదాన్ని స్థానికులు ‘మహ్రమ్ బిల్కీస్’ అంటారు, ఇంకోదాన్ని ‘అర్ష్ బిల్కీస్’, అంటే బిల్కీస్ సింహాసనం అంటారు. అరబ్బుల కథల్లో షెబా రాణి పేరు బిల్కీస్. ఇసుకలోంచి నిటారుగా లేచిన రాతి స్తంభాలను చూసి, ఇవి ఆ రాణివే అయ్యుంటాయని జనం అనుకోవడంలో వింత లేదు.

కానీ ఆ రెండూ రాణివి కావు. రెండూ అల్మకా అనే దేవుడి గుళ్లు. గోడల మీద, స్తంభాల మీద, అక్కడ సమర్పించిన కంచు బొమ్మల మీద ఆ దేవుడి పేరే చెక్కి ఉంది.

మారిబ్ గురించి మాట్లాడినప్పుడల్లా ఇలాంటి చిక్కే వస్తుంది. రాణి కథ, సుగంధ ద్రవ్యాల వ్యాపారం, తెగిపోయిన ఆనకట్ట, ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వినిపిస్తాయి. ఎక్కువమంది రాణి దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఈ మూడింటిలో అసలు గొప్పతనం నీళ్ల దగ్గర ఉందనిపిస్తుంది. అక్కడికి వెళ్లే ముందు రాణి సంగతి తేల్చుకోవాలి.

రాణి ఉందా, లేదా?

బైబిల్లోని రాజుల మొదటి గ్రంథం 10వ అధ్యాయంలో షెబా రాణి ఒంటెల మీద సుగంధ ద్రవ్యాలు, రత్నాలు, 120 తలాంతుల బంగారం తీసుకుని ఇజ్రాయెల్ రాజు సొలొమోను దగ్గరికి వస్తుంది. ఖురాన్ 27వ సూరాలో ఒక కూకుడుగువ్వ సొలొమోనుకి ఆ రాణి గురించి కబురు తెస్తుంది. ఆమె, ఆమె ప్రజలు సూర్యుణ్ణి పూజిస్తున్నారని చెబుతుంది. అందులో రాణికి పేరు లేదు, బిల్కీస్ అన్న పేరు తర్వాతి సంప్రదాయంలో వచ్చింది. ఇథియోపియాలో ఆమె పేరు మకేదా. సొలొమోనుకీ ఆమెకీ పుట్టిన మెనెలిక్ నుంచే తమ వంశం వచ్చిందని అక్కడి చక్రవర్తులు 20వ శతాబ్దం దాకా చెప్పుకున్నారు.

సొలొమోను కాలం క్రీ.పూ. 10వ శతాబ్దం అని సంప్రదాయం. దక్షిణ అరేబియాలో ఇప్పటిదాకా వేల శాసనాలు దొరికాయి. రాజుల పేర్లు, వంశాలు, యుద్ధాలు, కాలువ తగాదాలు, మొక్కులు, ఇలా ఎన్నెన్నో వాటిలో ఉన్నాయి. సబాను ఏలిన రాణి మాత్రం వాటిలో ఎక్కడా కనిపించలేదు.

అయితే అరబ్బుల్లో రాణులు అసలు లేరా అంటే ఉన్నారు. క్రీ.పూ. 8వ శతాబ్దపు అస్సీరియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) రాజుల రాతల్లో జబీబే, సంసీ అనే ఇద్దరు ‘అరబ్బుల రాణుల’ పేర్లు వస్తాయి. వాళ్లు ఉత్తర అరేబియా వాళ్లు, సబాకు చాలా దూరం. దక్షిణాన ధనిక రాజ్యం, ఉత్తరాన ఏలే రాణులు, మధ్యలో ఒంటెల బారులు. వినేవాళ్ల చెవిలో ఇవన్నీ కలిసి ఒకే రాణి అయి ఉండవచ్చని నా ఊహ. దీన్ని రుజువు చేయడానికి ఒక్క రాయి కూడా లేదు కాబట్టి ఊహ దగ్గరే ఆగుతాను.

ఇథియోపియా సంబంధం మాత్రం కల్పన కాదు. అక్కడి టిగ్రాయ్ ప్రాంతంలోని యెహాలో క్రీ.పూ. 7వ శతాబ్దం నాటి గుడి గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. నున్నగా చెక్కిన రాళ్లను సున్నం లేకుండా పేర్చిన తీరు అచ్చం సబాదే. ఆ గుడి కూడా అల్మకాదే. ఎర్రసముద్రం దాటి మనుషులు, లిపి, దేవుడు వెళ్లారని అది చెబుతుంది. రాణి ఏ దేశానిది అన్న వాదన కంటే ఇది నాకు ఎంతో విలువైన సమాచారం.

కాలం ఎలా తెలిసింది?

సబా లిపిని ముస్నద్ అంటారు. 29 అక్షరాలు. 1840ల మొదట్లో జర్మనీలోని హాలే నగరంలో విల్హెల్మ్ గెజీనియస్, ఎమిల్ రోడిగర్ అనే పండితులు దాన్ని చదవగలిగారు. చదవడం వచ్చినా శాసనాలు చేతిలో ఉండాలి కదా. 1843లో తోమా ఆర్నో అనే ఫ్రెంచ్ యాత్రికుడు మారిబ్ చేరి కొన్నింటికి నకళ్లు రాసుకొచ్చాడు. 1869–70లో జోజెఫ్ హలేవీ అనే పండితుడు జెరూసలేం నుంచి వచ్చిన బీద రబ్బీ వేషంలో తిరిగి, 686 శాసనాల నకళ్లతో ఐరోపా చేరాడు. ఆయనకు దారి చూపినవాడు సనాకి చెందిన హయీమ్ హబ్షూష్ అనే రాగిపని చేసే యూదుడు. చాలా శాసనాలను స్వయంగా నకలు రాసింది కూడా అతనే. హలేవీ తన నివేదికలో ఆ మాట చెప్పలేదు. ఏళ్ల తర్వాత ఎడ్వర్డ్ గ్లాజర్ అనే ఇంకో పరిశోధకుడి ప్రోత్సాహంతో హబ్షూష్ తన ప్రయాణాన్ని తానే రాసుకున్నాడు కాబట్టి మనకు తెలిసింది. ఈ చదువంతా అతనికి కూడా రుణపడి ఉందని గట్టిగా చెప్పాలి.

శాసనాలు వచ్చాక అసలు తలనొప్పి మొదలైంది. తొలి శాసనాల్లో సంవత్సరం ఉండదు. రాజుల పేర్లేమో నాలుగైదే, అవే మళ్లీ మళ్లీ వస్తాయి: కరిబిల్, యథాఅమర్, సుముహుఅలీ, యదఇల్. వాటికి వతర్, బయ్యిన్, జరీహ్ లాంటి బిరుదులు తగిలిస్తారు. ఒక రాజు ఏ శతాబ్దంలో ఉన్నాడో ఆ శాసనం ఒక్కటే చూసి చెప్పడం అసాధ్యం.

ఈ చిక్కుముడికి కొస దొరికింది సబాలో కాదు, ఇప్పటి ఇరాక్‌లో. అస్సీరియా రాజు రెండవ సర్గోన్ క్రీ.పూ. 715 ప్రాంతంలో తనకు కానుకలు పంపినవాళ్లలో ‘సబాకు చెందిన ఇతఅమ్ర’ను పేర్కొన్నాడు. ఆయన కొడుకు సెన్నాకెరిబ్ క్రీ.పూ. 685 ప్రాంతంలో కట్టించిన గుడి పునాదుల్లో, ‘సబా రాజు కరిబిలు’ పంపిన రత్నాలు, పరిమళ ద్రవ్యాలు ఉంచానని రాయించాడు. యథాఅమర్, కరిబిల్ అన్న సబా పేర్లే అస్సీరియా నోట అలా పలికాయి. అస్సీరియా రాజుల కాలం కచ్చితంగా తెలుసు కాబట్టి సబాకు కూడా రెండు తేదీలు దొరికినట్టయింది.

కానీ అందరూ ఒప్పుకోలేదు. 1950లలో జాక్లీన్ పిరెన్ అనే పరిశోధకురాలు అక్షరాల ఆకారాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేసి, ఈ లిపి వంపుసొంపుల్లో గ్రీకుల ప్రభావం ఉందనీ, అందుకే సబా శాసనాలు క్రీ.పూ. 5వ శతాబ్దం కంటే పాతవి కావనీ వాదించారు. అస్సీరియా రాతల్లోని పేర్లు వేరే మనుషులవై ఉండవచ్చు కదా అన్నది ఆమె పక్షం. పేర్లు అలా పదేపదే వచ్చే చోట అది కొట్టిపారేసే వాదన కాదు. రెండు పక్షాల మధ్య దాదాపు 300 ఏళ్ల తేడా, దశాబ్దాల పాటు నడిచిన గొడవ. చివరికి తవ్వకాల్లో దొరికిన బొగ్గు, కర్ర ముక్కల వయసు చెప్పే రేడియోకార్బన్ పరీక్షలు పాత తేదీల వైపే మొగ్గాయి. మారిబ్‌కి పడమరన ఉన్న సిర్వాహ్‌లో కరిబిల్ వతర్ వేయించిన సుమారు 7 మీటర్ల పొడవైన యుద్ధ శాసనం ఉంది. సెన్నాకెరిబ్‌కి కానుక పంపిన కరిబిల్ ఇతనేనని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు. 2005లో అదే చోట జర్మన్ పురావస్తు సంస్థ ఇంకో పెద్ద శాసనాన్ని బయటపెట్టింది. అది యథాఅమర్ వతర్‌ది.

అంటే క్రీ.పూ. 8వ శతాబ్దం నాటికే సబా బలమైన రాజ్యం. సొలొమోను కాలానికి ఎలా ఉండేదన్నది మాత్రం ఆ రెండు తేదీలతో తేలదు.

ఎడారిలో పొలాలు

మారిబ్‌లో పడే వానతో పంట పండదు. కానీ దానికి పడమరన ఉన్న ఎత్తయిన కొండల మీద ఏడాదిలో రెండుసార్లు, వసంతంలో ఒకసారి, వేసవి చివర్లో ఒకసారి వాన కురుస్తుంది. ఆ రెండో వాన మన నైరుతి రుతుపవనాల కాలంలోనే వస్తుంది. వేల చదరపు కిలోమీటర్ల కొండల నీరంతా వాదీ ధనా అనే వాగులోకి చేరి, బలక్ కొండల మధ్య ఇరుకు సందులోంచి ఒక్కసారిగా దూకుతుంది. కొద్ది రోజులు ఉధృతంగా పారి, మళ్లీ ఎండిపోతుంది. ఆ కొద్ది రోజుల నీటిని పట్టుకోగలిగితే పంట, లేకపోతే ఇసుక.

సబా వాళ్లు ఆ సందు దగ్గర కట్టిన ఆనకట్ట 600 మీటర్లకు పైగా పొడవు, సుమారు 15 మీటర్ల ఎత్తు. మట్టికట్ట, దానికి రాతి తొడుగు. రెండు చివర్లా కొండను ఆనుకుని చెక్కుడు రాళ్లతో కట్టిన భారీ తూములు. మట్టికట్ట కొట్టుకుపోయినా తూములు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఇప్పుడు కనిపించే నిర్మాణానికి పునాది వేసినది క్రీ.పూ. 6వ శతాబ్ద ప్రాంతపు ఇద్దరు పాలకులని వాటి మీది శాసనాలు చెబుతున్నాయి.

ఆనకట్ట అనగానే వెనక నిండు జలాశయాన్ని ఊహించుకుంటాం. మారిబ్‌ది అలాంటిది కాదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట ఏం చేస్తుందో ఇది కూడా అదే చేసేది: నీటిని నెలల తరబడి దాచిపెట్టకుండా, మట్టాన్ని పైకి లేపి రెండు వైపులా కాలువల్లోకి మళ్లించడం. తూము దాటిన నీటి వేగాన్ని తగ్గించే తొట్టెలు, అక్కడి నుంచి ప్రధాన కాలువలు, రాతితో కట్టిన పంపిణీ గట్లు, చివరికి మళ్లు. వాగుకి అటూ ఇటూ కలిపి సుమారు 9,600 హెక్టార్లు తడిసేవి. వరద వచ్చిన కొద్ది గంటల్లో ఎవరి గట్టు ఎప్పుడు తెరవాలో ముందే ఒప్పందం ఉండాలి. నీటి వాటాల గురించిన శాసనాలు అన్ని ఎందుకు దొరుకుతున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

వరద నీటితో పాటు కొండల మట్టి కూడా వచ్చేది. ఆ ఒండ్రు పొలాలకు బలం, కానీ అదే ఆనకట్టకు ప్రాణగండం. ఏటా పలచగా ఒక పొర పేరుకుంటూ, వందల ఏళ్లలో పొలాల మట్టమే పైకి లేచిపోయింది. కొన్నిచోట్ల ఆ ఒండ్రు పాతిక, ముప్పై మీటర్ల మందం ఉంది. అంత మందం పేరుకోవడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టే, ఇక్కడ వరద సేద్యం క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలోనే మొదలై ఉండాలని పరిశోధకులు చెబుతున్నారు. అంటే సబా రాజ్యం పుట్టక ముందే రైతులు ఇక్కడ గట్లు వేశారు. పొలం లేచిన కొద్దీ తూమూ లేవాలి, కట్టా లేవాలి. కట్ట ఎత్తు పెరిగిన కొద్దీ దాని మీద నీటి ఒత్తిడి పెరుగుతుంది, పూడిక తీసే పని పెరుగుతుంది, వేల మందిని పనికి కూడగట్టాల్సి వస్తుంది.

అరబ్బు సంప్రదాయంలో ఆనకట్ట కథ ఒక్క విపత్తుగా ఉంటుంది. ఖురాన్ 34వ సూరా పేరే సబా. కృతజ్ఞత మరిచిన ప్రజల మీదికి వరద వచ్చి, వాళ్ల రెండు తోటలు చేదు కాయల పొదలుగా మారిపోయాయని అందులో ఉంది. ఎలుకలు కొరికి గండి పెట్టాయని తర్వాతి కథలు చెబుతాయి. కట్ట తెగాక తెగలన్నీ చెల్లాచెదురయ్యాయనీ, సిరియా వైపు వెళ్లి రాజ్యమేలిన ఘస్సానీలు, మదీనాలోని అవ్స్, ఖజ్రజ్ తెగలు అలా వలస వెళ్లినవేననీ ప్రతీతి.

దీన్ని అబ్రహా శాసనం పక్కన పెట్టి చూడండి. ఇథియోపియా నుంచి వచ్చి యెమెన్‌ను ఏలిన క్రైస్తవ రాజు అబ్రహా, క్రీ.శ. 548లో తెగిన ఆనకట్టను బాగుచేయించి పెద్ద శాసనం వేయించాడు. పనివాళ్లకు ఎన్ని కొలతల పిండి, ఎన్ని ఖర్జూరాలు, ఎన్ని పశువుల మాంసం ఖర్చయిందో లెక్కలతో సహా ఉంది. పని మధ్యలో మహమ్మారి వచ్చి కూలీలను ఇళ్లకు పంపేయాల్సి వచ్చిందని కూడా రాసి ఉంది. పని జరుగుతుండగా తన దగ్గరికి వచ్చిన రాయబారుల జాబితాలో రోమ్, పర్షియా, ఇథియోపియా దూతలతో పాటు హారిత్ బిన్ జబలా దూత కూడా ఉన్నాడు. ఈ హారిత్ ఎవరు? సిరియా వైపు ఏలుతున్న ఘస్సానీ రాజు. ఏ కట్ట తెగడం వల్ల ఘస్సానీలు దేశం విడిచారని కథ చెబుతుందో, ఆ కట్టను బాగుచేయించిన రాజు దగ్గరికి వాళ్ల దూత వచ్చాడన్నమాట.

కథ అబద్ధమని దీనర్థం కాదు. గండి పడింది ఒక్కసారి కాదు. 4వ శతాబ్దంలో, 5వ శతాబ్దం మధ్యలో, 6వ శతాబ్దంలో పడిన గండ్లకు, మరమ్మతులకు శాసనాలే సాక్ష్యం. పడిన ప్రతిసారీ కొంతమంది వెళ్లిపోయి ఉంటారు, మిగిలినవాళ్లు పూడ్చుకున్నారు. జనం జ్ఞాపకంలో అవన్నీ కలిసి ఒకే వరద అయ్యాయి. 570ల ప్రాంతంలో పడిందనుకునే చివరి గండిని మాత్రం పూడ్చే శక్తి ఎవరికీ మిగల్లేదు. ఆ దశాబ్దంలోనే యెమెన్ పర్షియా చేతికి వెళ్లింది. కట్టను చంపింది వరద ఒక్కటే అనుకోను. వేల మందికి అన్నం పెట్టి పనిలో దింపగల రాజ్యం లేకపోవడం కూడా అంతే కారణం.

పరిమళాల దారి

మారిబ్‌కి డబ్బు తెచ్చింది మాత్రం నీళ్లు కాదు, ధూపం. ఇప్పటి ఒమాన్‌లోని ధోఫార్‌లో, యెమెన్‌లోని హడ్రమౌత్‌లో పెరిగే ఒక చిన్న చెట్టు బెరడు గీస్తే కారే బంకే ఫ్రాంకిన్సెన్స్ అనే సాంబ్రాణి. దానికి తోడు మన పచారీ కొట్లలో కూడా దొరికే బోళం. ఈజిప్టు గుళ్లకు, గ్రీకు పూజలకు, రోమ్ అంత్యక్రియలకు ఇవి లేనిదే గడవదు. షబ్వా, తిమ్నా, మారిబ్ మీదుగా ఉత్తరానికి సాగి మధ్యధరా తీరంలోని గాజా చేరే దారి ఇది. తిమ్నా నుంచి గాజాకి 65 మజిలీలనీ, దారి పొడవునా మేతకు, నీటికి, బసకు, సుంకాలకు కలిపి ఒంటెకు 688 దీనారియస్‌ల (రోమన్ వెండి నాణేల) ఖర్చనీ రోమన్ రచయిత ప్లినీ లెక్క రాశాడు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం దారిలోని ఊళ్లకే చేరేది. ఎడారి అంచున నీళ్లు, తిండి ఉన్న ఊరికి ఎంత లాభమో చెప్పక్కర్లేదు. ఆనకట్టకూ ధూపానికీ ముడి సరిగ్గా ఇక్కడే పడింది.

ఈ వ్యాపారుల జాడ చాలా దూరం కనిపిస్తుంది. సబాకు పక్క రాజ్యమైన మయీన్‌కు చెందిన జైదిల్ అనే వ్యాపారి ఈజిప్టు గుళ్లకు బోళం సరఫరా చేస్తూ అక్కడే చనిపోయాడు. ఆయన శవపేటిక మీద సొంత లిపిలోనే రాసుకున్నారు. గ్రీకు దీవి డీలోస్‌లో మయీన్ దేవుడు వద్ద్‌కు నిలిపిన బలిపీఠం దొరికింది.

ఈ సంపద మూలాన్నే పట్టుకుందామని అగస్టస్ చక్రవర్తి క్రీ.పూ. 26–25 ప్రాంతంలో ఏలియస్ గాలస్ అనే అధికారిని సుమారు 10,000 మంది సైన్యంతో పంపాడు. సైన్యం ఆరు నెలలు ఎడారిలో నడిచి, రోగాలతో చిక్కి, మార్సియాబా అనే ఊరిని ఆరు రోజులు ముట్టడించి, నీళ్లు లేక వెనక్కి తిరిగిందని గాలస్ స్నేహితుడైన గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. ఆ ఊరు మారిబేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ దండయాత్రకు నేలమీద మిగిలిన గుర్తు, యెమెన్‌లోని బరాకిష్‌లో దొరికిన ఒక రోమన్ ఆశ్వికుడి సమాధిరాయి అని భావిస్తారు. పేరు పబ్లియస్ కొర్నేలియస్.

సైన్యం చేయలేని పని ఓడలు చేశాయి. ఈజిప్టు రేవుల నుంచి రుతుపవనాల గాలిని పట్టుకుని నేరుగా భారత తీరానికి వెళ్లే ఓడలు క్రీ.శ. 1వ శతాబ్దానికి బాగా పెరిగాయి. ఆ శతాబ్దంలోనే రాసిన ‘పెరిప్లస్’ అనే గ్రీకు నౌకా మార్గదర్శిలో అరేబియా రేవులతో పాటు సన్నని బట్టకు పేరుపడ్డ మసాలియా తీరం కూడా ఉంది. అది మన కృష్ణా ముఖద్వార ప్రాంతం. సాంబ్రాణి కూడా ఓడ ఎక్కడంతో ఎడారి ఊళ్ల ఆదాయం తగ్గింది. సముద్రానికి దగ్గరగా, కొండల మీద ఉన్న హిమ్యర్ రాజ్యం బలపడి 3వ శతాబ్దం చివర్లో సబాను కలిపేసుకుంది.

గుళ్లో దొరికినవి

అవామ్ గుడి (మహ్రమ్ బిల్కీస్) ఊరికి బయట ఉంది. పెద్ద అండాకారపు ప్రాకారం, ముందు వరసగా ఎనిమిది స్తంభాలు. 1951–52లో వెండెల్ ఫిలిప్స్ అనే అమెరికన్ నడిపిన బృందం ఇక్కడ తవ్వకం మొదలుపెట్టి, స్థానిక అధికారులతో గొడవలు ముదరడంతో సామాన్లన్నీ వదిలేసి పారిపోయింది. 1998లో ఆయన చెల్లెలు మెరిలిన్ ఫిలిప్స్ హాడ్జ్‌సన్ పని మళ్లీ మొదలుపెట్టారు. ఆ తొలి తవ్వకంలో దొరికిన మాదికరిబ్ అనే వ్యక్తి కంచు విగ్రహం నడుముకు బాకు కట్టుకుని, వీపు మీద సింహం తోలు వేసుకుని ఉంటుంది. వేషంలో మధ్యధరా ఛాయలు ఉన్నా, ఒంటి మీద చెక్కిన అక్షరాలు మాత్రం సబావే.

ఈ నాగరికత వస్తువుల్లో నన్ను ఎక్కువ కదిలించేది రాజులకు సంబంధించింది కాదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక కంచు కుడి చెయ్యి ఉంది. మనిషి చేతి అంతే ఉంటుంది, గోళ్లు, నరాలు స్పష్టంగా కనిపిస్తాయి. వహబ్ తాలబ్ అనే మనిషి తన క్షేమం కోసం తన దేవుడికి ఇచ్చుకున్న మొక్కు అని దాని మీదే రాసి ఉంది.

4వ శతాబ్దం చివర్లో హిమ్యర్ రాజులు పాత దేవుళ్లను వదిలి ‘రహ్మానన్’ అనే ఒక్క దేవుడి వైపు తిరిగాక అవామ్‌లో మొక్కులు ఆగిపోయాయి. వెయ్యేళ్లకు పైగా సాగిన గుడి క్రమంగా ఇసుకలో కూరుకుపోయింది. ఆనకట్టను మాత్రం కొత్త మతం వాళ్లు కూడా వదల్లేదు. 5వ శతాబ్దంలో, 6వ శతాబ్దంలో దాన్ని బాగుచేయించింది వాళ్లే.

ఇప్పుడు

1986లో పాత కట్టకు కొద్ది కిలోమీటర్ల ఎగువన కొత్త ఆనకట్ట వచ్చింది. దానికి డబ్బిచ్చింది అబుధాబి పాలకుడు షేక్ జాయెద్. కట్ట తెగినప్పుడు మారిబ్ నుంచి వలస వెళ్లినవాళ్లే తమ పూర్వీకులని ఆయన వంశం నమ్ముతుంది.

2015లో యెమెన్ యుద్ధంలో జరిగిన వైమానిక దాడిలో పాత ఆనకట్ట ఉత్తరపు తూము దెబ్బతింది. అన్ని గండ్లనూ తట్టుకుని నిలబడ్డ రాతికట్టడం అది. తవ్వుకుపోయే దొంగల వల్ల జరిగే నష్టం ఇంతకంటే ఎక్కువ, ఎందుకంటే ఏ సమాధిలో ఏ వస్తువు పక్కన ఏది దొరికిందన్న సమాచారం ఒకసారి పోతే మళ్లీ రాదు. అమెరికాలో పట్టుబడిన 77 యెమెన్ పురావస్తువులను 2023 ఫిబ్రవరిలో యెమెన్ ప్రభుత్వానికి అప్పగించారు. వాటిలో 64 సమాధుల్లోంచి తవ్వితీసిన రాతి ముఖాలే. దేశంలో పరిస్థితి బాగాలేక, ఆ ప్రభుత్వం ఒప్పందం మీదే వాటిని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రపరిచారు. దానికి నెల ముందే యునెస్కో మారిబ్ సబా కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలోనూ ఒకే రోజున చేర్చింది. పాత మారిబ్ నగరంలో చాలా భాగం ఇంకా తవ్వనేలేదు.